హ్యూము దొర పక్షుల చిట్టా

మా కళాశాల వెనుక ఒక చెరువు కలదు. ఒకనాడు తరగతికి ఆలస్యముగా వచ్చిన విద్యార్థిని కారణమేమని అడుగగా, అతడు మారుమాటాడక చేతిలోని ఫోను తెరచి ఒక పట్టిక చూపెను. ఉదయము ఆరుగంటలకు చెరువుగట్టుపై అడుగిడినది మొదలు తాను ఎంతసేపు నిలిచినది, ఎంతదూరము నడచినది, ఏయే పక్షులను చూచినది, అవి ఎన్నెన్ని యున్నవి అందులో వరుసగా వ్రాసియుండెను. కొంగలు పదునొకటి, నీటికాకులు నాలుగు, లకుముకిపిట్ట ఒకటి. ఇందువలన నీకేమి లాభమని అడిగితిని. తనకు లాభమేమియు లేదనియు, ఆ పట్టిక మాత్రము అప్పటికే లోకములోని పక్షిప్రియులందరి పట్టికలతో కలసిపోయినదనియు చెప్పెను.

అతడు చెప్పినది 'ఈబర్డ్' అను పక్షుల చిట్టాను గూర్చి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్రశాలయు, ఆడుబన్ సంఘమును కలసి 2002లో దానిని నెలకొల్పినవి. 2010 నాటికి అది ప్రపంచమంతటికి విస్తరించినది. ఎవరు చూచినను, ఎచ్చట చూచినను, చూచినదానిని తేదీతోను తావుతోను వ్రాసి పంపవచ్చును. నమ్మదగినదా కాదా యని పరీక్షించు పెద్దలు ప్రతి ప్రాంతమునకును కలరు.

ఊరూర నున్నవారు తాము చూచిన పక్షులను గూర్చి వ్రాసి ఒకచోటికి పంపు ఈ పద్ధతిని మన దేశమున మొదట విరివిగా నడిపిన పురుషుడెవరో తెలియునా యని ఆ విద్యార్థిని అడిగితిని. తెలియదనెను. పేరు చెప్పినంతనే ఆశ్చర్యపడెను. అది అతడు చరిత్రపాఠములో చదివిన పేరే. భారత జాతీయ కాంగ్రెసు స్థాపకుడని మనమందరము ఎరిగిన అలన్ ఆక్టేవియన్ హ్యూము. కాంగ్రెసు చరిత్రలో ఆయన పేరు మొదటి పుటలోనే కనబడును. అంతకు ముందు ముప్పది యేండ్లు ఆయన పక్షులకొరకు పడిన శ్రమయు, ఒక్క దెబ్బతో ఆ శ్రమకు కలిగిన నష్టమును తెలిసినవారు అరుదు.

హ్యూము 1829 జూన్ 4వ తేదీన జన్మించెను. తండ్రి జోసెఫ్ హ్యూము స్కాట్లండు దేశస్థుడు. యౌవనమున తూర్పు ఇండియా కంపెనీలో వైద్యుడుగా నుండి, పిమ్మట బ్రిటిషు పార్లమెంటులో సభ్యుడై, ప్రభుత్వపు ఖర్చులలో ప్రతి పద్దుకును లెక్క అడుగువాడని పేరు పొందిన సంస్కరణవాది. ఈ గుణము కుమారునకు సంక్రమించినది. తండ్రి రూకలకు లెక్క అడిగెను. కుమారుడు రెక్కలకు లెక్క వ్రాసెను.

కంపెనీవారి హెయిలీబరీ కళాశాలలో చదివి, లండనులో వైద్యమును కొంత అభ్యసించి, హ్యూము 1849లో ఇరువదియేండ్ల ప్రాయమున భారతదేశమునకు వచ్చెను. బంగాళా సివిల్ సర్వీసులో చేరి, 1856లో ఇటావా జిల్లాకు అధికారి యయ్యెను. ఇటావా యమునాతీరమున, నేటి ఉత్తరప్రదేశమున నున్నది. అచ్చట ఆయన మొదట చేపట్టినది చదువు. గ్రామములలో ఉచిత పాఠశాలలు తెరిపింపగా, 1857 నాటికి 181 పాఠశాలలలో 5,186 మంది పిల్లలు చదువుచుండిరి. సారాయిపై పన్నువలన వచ్చు ఆదాయము పాపపు సొమ్మని ఆయన పైయధికారులకు నిర్భయముగా వ్రాసెను. నేరములు చేసిన బాలురను చెరసాలలో పెట్టక దిద్దుటకు ప్రత్యేకమైన శాల యుండవలెనని వాదించెను. రైతులతో నేరుగా మాటలాడెడివాడు.

పక్షులపై మమకారము ఇటావాలోనే నాటుకొన్నది. కొలువుపని ముగిసినంతనే తుపాకి భుజమున వేసికొని యమునా చంబలు లోయలలో తిరిగి, పక్షులను, గ్రుడ్లను సేకరించి ఇల్లు నింపెను. 1857లో సిపాయిల తిరుగుబాటు చెలరేగెను. హ్యూము ఇటావా విడచి ఆగ్రా కోటలో తలదాచుకొనవలసి వచ్చెను. 1858 ఆరంభమున తిరిగివచ్చి, స్థానికులనే దళముగా కూర్చి జిల్లాను మరల స్వాధీనపరచుకొనెను. అందుకు ప్రభుత్వము 1860లో బిరుదు నిచ్చినది. కాని అంతవరకు చేర్చిన పక్షిసంచయమంతయు ఆ కల్లోలమున నశించెను. ఇది మొదటి నష్టము. ముప్పది దాటని వయస్సు, మరల మొదలుపెట్టెను.

1867లో ఆయనను సుంకముల శాఖకు కమిషనరుగా నియమించిరి. ఆ రోజులలో ఉప్పుపన్ను ఎగవేయకుండుటకై ఆంగ్లప్రభుత్వము ఉత్తరభారతమునకు అడ్డముగా రెండువేల మైళ్లకు మించిన సుంకపు హద్దు నొకదానిని ఏర్పరచి, దానివెంట ముండ్లకంచె పెంచుచుండెను. పేదవాని ఉప్పుపై కావలి కాయు ఆ కంచెను బలపరచుటలో హ్యూము పూనికతో పనిచేసెను. పిదప ప్రజల పక్షమున నిలిచిన మనుజుడే ఒకప్పుడీ పని చేసెనని మరువరాదు. మనిషి జీవితము ఒకే రంగు గుడ్డ కాదు. ఏమైనను, ఆ యుద్యోగమువలన ఆయనకు వేలమైళ్లు తిరుగు అవకాశము చిక్కినది. గుఱ్ఱముపై పోవుచు, సాంభరు సరస్సువంటి ఉప్పునేలలను తనిఖీచేయుచు, త్రోవలో కనబడిన పక్షుల నన్నిటిని గుర్తు వ్రాసికొనెను.

1871లో వైస్రాయి మేయోప్రభువు వ్యవసాయ, రెవిన్యూ, వాణిజ్యశాఖను క్రొత్తగా స్థాపించి హ్యూమును దానికి కార్యదర్శిగా చేసెను. ప్రభుత్వము వేసవిలో సిమ్లాకు తరలిపోవును గనుక హ్యూము అచ్చటి జాకో కొండపై 'రాత్నీ కాజిల్' అను మేడను కొని, అందులో పక్షులకై ఒక ప్రదర్శనశాలను అమర్చెను. ఆ కాలమున ఆసియాలోని పక్షులను గూర్చి తెలిసికొనగోరువారికి అంతటి సంచయము మరియొకచోట లేకుండెను.

దూరదర్శిని కనులకు పెట్టుకొని పక్షిని చూచి ఆనందించు రోజులు కావవి. పక్షిని గుర్తింపవలెనన్న చంపవలెను. ఈకలతోకూడ చర్మము నొలిచి, పాషాణము పూసి, దూది కూరి భద్రపరుపవలెను. నేటి మనకిది క్రూరముగా తోచును. క్రూరమే. అయినను హ్యూము దానిని వినోదవేటగా చేయలేదు. 1874లో పక్షులను సేకరించువారి కొరకు ఆయన ఒక చిన్న కైపుస్తకము ప్రకటించెను. పక్షి దొరికిన తావు, తేది, ఆడుదో మగదో, ఎవరు సేకరించిరో చీటీపై వ్రాసి చర్మమునకు కట్టవలెను. కంటిరంగు, కాలిరంగు కొద్దిసేపటికే మారిపోవును గనుక అప్పటికప్పుడే వ్రాయవలెను. చీటీ లేని పక్షి ఎంత అందమైనదైనను శాస్త్రమునకు కొఱగాదు. ఆయనకు కావలసినది పక్షితో పాటు దాని సాక్ష్యము.

ఒక్కడు ఎంత తిరిగినను ఈ దేశమును చూచి ముగింపలేడని ఆయన త్వరలోనే గ్రహించెను. కావున లేఖలు వ్రాయసాగెను. రైలుమార్గపు ఇంజనీర్లు, పోలీసు అధికారులు, అడవిశాఖవారు, సైనికులు, తేయాకుతోటల యజమానులు, ఎవరు ఏ మూల నున్నను వారికి ఉత్తరము పోయెను. ఇటావాలో రైల్వే ఇంజనీరుగా నుండిన బ్రూక్సు, బర్మాలోని పెగూ ప్రాంతమున కట్టడములు చూచుచుండిన ఓట్సు, భూగర్భశాస్త్రజ్ఞులైన బ్లాన్‌ఫర్డు, స్టొలిచ్కా మొదలగువారు ఆయనకు సహాయులైరి. డేవిసన్ అను యువకుడు ఆయన జీతముపై దేశదేశములు తిరిగి పక్షులను పంపుచుండెను. అప్పుడే దేశమంతట వ్యాపించుచుండిన తపాలా, రైలు ఈ పనికి ప్రాణము పోసినవి. సింధునుండి బర్మావరకు గల పక్షులు చీటీలతోసహా సిమ్లా చేరసాగినవి.

ఈ సహాయులలో దాదాపు అందరును దొరలే. కాని ఆ దొరలకు గూడు చూపినవాడు, ఉచ్చు పన్నినవాడు, కూతనుబట్టి పక్షి యేదో చెప్పినవాడు, చర్మము నొలిచి ఆరబెట్టినవాడు పెక్కుసారులు ఈ దేశపు వేటగాడే, ఈ దేశపు సేవకుడే. చీటీలమీద వారి పేర్లు మిక్కిలి అరుదు. హ్యూము చిట్టాలో మనకు కనబడు పెద్ద లోపము ఇదే.

వచ్చిన లేఖలను పెట్టెలలో దాచుటతో సరిపెట్టక, 1872-73లో ఆయన తన సొంత సొమ్ముతో ఒక పత్రికను ప్రారంభించెను. దాని పేరు 'స్ట్రే ఫెదర్స్'. అనగా చెదరి రాలిన ఈకలు. భారతదేశమున పక్షులకై ప్రత్యేకముగా వెలసిన మొదటి పత్రిక అదియే. కలకత్తాలో అచ్చయి దేశవిదేశములకు పోవుచుండెను. ఎవరో ఒక మారుమూల అధికారి తన బంగళా పెరటిలో చూచిన పిట్టను గూర్చి నాలుగు వాక్యములు వ్రాసినను అందులో చోటు దొరకును. మరియొకరు దానిని చదివి, మా ప్రాంతమున అట్లు కాదని వ్రాయుదురు. హ్యూము తన పొరపాట్లను తానే అందులో దిద్దుకొనెను. ఇతరులను దిద్దుటలో మాత్రము ఆయన కలము కొంత పదును. కోపము వచ్చిన దాచుకొను స్వభావము కాదు.

ఆయన స్వయముగా చేసిన యాత్రలును తక్కువవి కావు. 1871-72లో సింధు దేశమున తిరిగెను. 1873లో అండమాను, నికోబారు దీవులకు పోయెను. నార్కొండము అను చిన్న అగ్నిపర్వత ద్వీపమున, ఆ ఒక్క దీవిలో తప్ప లోకమున మరెచ్చటను లేని హార్న్‌బిల్ పక్షిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1875లో లక్షదీవులను చూచెను. 1881లో మణిపురమునకు పోయి, స్థానికులు నోంగిన్ అని పిలుచు అందమైన ఫెజెంటు పక్షికి తన భార్య మేరీ పేరు పెట్టెను. నేడది మణిపురమునకు రాష్ట్రపక్షి.

తేదీతో, తావుతో వ్రాసిన ఒక చిన్న చీటీకి ఎంత ఆయువు ఉండునో చెప్పుటకు రెండు ఉదాహరణములు చాలును. 1867 నవంబరులో హ్యూము సట్లెజు లోయలో రాంపూరు చెంత రెల్లుపిట్ట జాతికి చెందిన ఒక చిన్న పక్షిని పట్టెను. ముక్కు కొంచెము పెద్దది. తక్కిన దానిలో విశేషమేమియు లేదు. ఇది వేరు జాతి యని ఆయన అనెను. అట్టి పక్షి మరి కనబడకపోవుటచే తరువాతివారు సందేహించిరి. సంగ్రహాలయపు పెట్టెలో ఆ ఒక్క చర్మము నూరేండ్లకు పైగా పడియుండెను. 2002లో దాని జన్యువులను పరీక్షించి, హ్యూము చెప్పినది నిజమేనని తేల్చిరి. 2006 మార్చిలో థాయిలాండులో ఒక వలలో ఆ జాతిపక్షి సజీవముగా చిక్కినది. పిదప బ్రిటిషు సంగ్రహాలయమున వెదకగా, వేరొక పిట్టపేరుతో నున్న హ్యూము కాలపు చర్మము మరియొకటి బయటపడెను. 2009 నాటికి ఆఫ్ఘనిస్థానపు వఖాను లోయలో ఆ జాతి గూళ్లుకట్టుచున్నదని తెలిసినది.

రెండవది ఒక చిన్న అడవిగూబ కథ. 1872లో నేటి ఛత్తీస్‌గఢములోని బస్నా చెంత బ్లూయిట్ అను అధికారి పంపిన గూబకు హ్యూము 1873లో అతని పేరే పెట్టెను. 1884 తరువాత అది కనుమరుగయ్యెను. మైనర్ట్జ్‌హాగెన్ అను సైనికాధికారి మాత్రము తాను 1914లో గుజరాతులో దానిని పట్టితినని చీటీ వ్రాసిపెట్టెను. ఆ చీటీని నమ్మినవారు గుజరాతులో వెదకి వెదకి విఫలులైరి. ఇతరులు ఏనాడో సేకరించిన చర్మమును అతడు అపహరించి దొంగచీటీ కట్టెనని తరువాత బయటపడెను. దానిని త్రోసిపుచ్చి, నిజమైన పాతచీటీలు చూపిన ప్రాంతములలో వెదకిన శాస్త్రజ్ఞులకు 1997 నవంబరులో మహారాష్ట్రమున షహాదా చెంత ఆ గూబ కనబడెను. నూటపదుమూడేండ్లకు! ఒక నిజమైన చీటీ ఒక జాతిని మనకు తిరిగి యిచ్చినది. ఒక అబద్ధపు చీటీ ఎందరి శ్రమనో మట్టిపాలు చేసినది.

ఇక హ్యూము జీవితములోని గొప్ప నష్టమునకు వత్తము. కొలువులో ఆయన ముక్కుసూటితనము పైవారికి గిట్టలేదు. 1872లో మేయోప్రభువు హతుడైన పిదప ఆయనకు అండ తగ్గెను. లిట్టన్ ప్రభువు కాలమున, 1879లో, కార్యదర్శి పదవినుండి తొలగించి ఆయనను అలహాబాదునకు దిగువకొలువునకు పంపిరి. 1882లో ఆయన ఉద్యోగము విరమించెను. 1879-81 నడుమ మార్షలుతో కలసి వేటపక్షులను గూర్చి మూడు సంపుటముల గ్రంథము వెలువరించియుండెను. ఇక మిగిలిన ఆయుస్సంతయు ఒకే గ్రంథమునకు అర్పింపదలచెను. భారతదేశపు పక్షులన్నిటి చరిత్రను పూర్ణముగా వ్రాయవలెనని ఆయన కోరిక. అందుకై సుమారు ఏడువందల జాతుల జీవితచరిత్రలు పెద్ద కాగితములపై వ్రాసి సిద్ధముగా ఉంచెను.

ఒకసారి ఆయన సిమ్లాలో లేని సమయమున, ఇంటి సేవకుడొకడు ప్రదర్శనశాల తలుపు పగులగొట్టి, మణుగులకొలది ఆ వ్రాతప్రతులను బజారులో చిత్తుకాగితములుగా అమ్ముకొనెను. ఎన్నియో నెలల వరకు ఎవరును గమనింపలేదు. గమనించి వెదకునప్పటికి మిగిలినవి బహుస్వల్పము. పప్పులు, పసుపు, మిరియములు పొట్లములు కట్టుటలో ఏడువందల పక్షిజాతుల చరిత్రలు ఇల్లిల్లు చేరి, పొయ్యిలో బూడిదయై యుండును. సేవకుని దృష్టిలో కాగితమునకు తూకమే వెల. అందులో వ్రాసిన అక్షరములు అతని కెవరు నేర్పిరి? ఇటావాలో నూటయెనుబది బడులు తెరచిన హ్యూమునకు ఈ ప్రశ్న తట్టియుండునో లేదో మనము చెప్పజాలము.

విచిత్రమేమనగా, దొంగ పెద్దకాగితములను మాత్రమే తీసికొనిపోయెను. చిన్నచీటీలు అమ్మకమునకు పనికిరావని వదలివేసెను. ఎవరెవరో ఎచ్చటెచ్చటనో చూచి వ్రాసిన ఆ చీటీలు మిగిలినవి. హ్యూము వానిని ఓట్సుచేతిలో పెట్టెను. ఆతడు 1889-90లో వానిని కూర్చి భారతదేశ పక్షుల గూళ్లను, గ్రుడ్లను గూర్చిన గ్రంథమును మూడు సంపుటములుగా మరల ప్రకటించెను. ఒక్కని పెట్టెలో దాగిన మహాగ్రంథము మాయమైనది. పలువురి తునుకలు బ్రతికినవి. స్ట్రే ఫెదర్స్ లో అచ్చై నలుమూలలకు పోయినదంతయు కూడ నిలిచినది. దానిని అమ్ముకొని మాపగల సేవకుడు ఏ ఒక్క ఇంటను లేడు.

హ్యూమునకు మనసు విరిగినది. అప్పటికే ఆయన దివ్యజ్ఞానసమాజపు ప్రభావమునకు లోనై, శాకాహారియై, పక్షులను చంపుట మానియుండెను. కొండపై వానలు, పురుగులు మిగిలిన సంచయమును తినివేయుచుండెను. 1885లో ఆయన తన సంచయమునంతటిని బ్రిటిషు సంగ్రహాలయమునకు ఉచితముగా ఇచ్చివేసెను. దానిని తీసికొనిపోవుటకు ఆ మే నెలలో షార్ప్ అను పండితుడు లండనునుండి సిమ్లాకు వచ్చెను. దేవదారుపలకలతో నలుబదియేడు పెట్టెలు చేయించిరి. ఒక్కొక్కటి అరటన్ను బరువు. ఎడ్లబండ్లపై కాల్కాకు, అచ్చటినుండి బొంబాయి రేవునకు సాగినవి. మొత్తము 82,000 పక్షులు, గ్రుడ్లు. అందులో 75,577 సంగ్రహాలయమున చేరినవి. వానికి కట్టిన చీటీలు నేటికిని శాస్త్రజ్ఞులకు సమాధానము చెప్పుచున్నవి.

అదే సంవత్సరము డిసెంబరు 28న బొంబాయిలోని గోకులదాసు తేజపాలు సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులతో కాంగ్రెసు మొదటి మహాసభ జరిగెను. వోమేశచంద్ర బెనర్జీ అధ్యక్షుడు. సభను కూర్చినవాడు హ్యూము. మన చిత్తూరు సీమలో పుట్టి 1891లో కాంగ్రెసునకు అధ్యక్షుడైన పనప్పాకము ఆనందాచార్యులు ఆ 72 మందిలో ఒకడు. పక్షులను వదలి రాజకీయములలో దూకెనని హ్యూమును గూర్చి అనువారు కలరు. నాకు అట్లు తోచదు. ఊరికొకనిని వెదకుట, ఉత్తరములు వ్రాయుట, అందరి మాటను ఒకచోట చేర్చుట అను విద్యను ఆయన ముందు పక్షులయెడ నేర్చెను. 1883 మార్చిలో కలకత్తా విశ్వవిద్యాలయపు పట్టభద్రులకు, దేశసేవకు ఏబదిమంది నిస్వార్థపరులు ముందునకు రావలెనని బహిరంగలేఖ వ్రాసినప్పుడు ఆయన చేసినది ఆ పాత పనియే. ఈసారి మాత్రము దొరలకు బదులు ఈ దేశీయులకు వ్రాసెను. చిట్టాలో వ్రాయక వదలిన పేర్లను ఇప్పుడు పిలిచెనని నేననుకొందును.

చిరకాలము కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిగా నుండి, 1894లో హ్యూము ఇంగ్లండునకు పోయెను. భార్య అంతకుముందే 1890లో గతించెను. వృద్ధాప్యమున ఆయన మొక్కలను పట్టెను. 1910లో దక్షిణ లండనులో ఒక వృక్షశాస్త్రసంస్థను స్థాపించి సామాన్యులకు తలుపులు తెరచెను. అది నేటికిని నడచుచున్నది. 1912 జూలై 31న తన యెనుబదిమూడవ యేట కన్నుమూసెను. ఆ వార్త చేరిననాడు ఇటావా బజారు మూతపడెను. నలువదియేండ్లకు పూర్వము విడచిపోయిన అధికారికై ఒక ఊరు దుకాణములు మూయుట మన దేశచరిత్రలో తరచుగా కనబడు విషయము కాదు. 1973లో భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను.

ఇట్టి చిట్టాల ప్రయోజనము తెలుగువారికి క్రొత్తగాదు. మన కలివికోడిని 1900లో అనంతపురము ప్రాంతమున చూచినట్లు వ్రాసిన పిదప ఎనుబదియైదేండ్లు ఎవరును కానలేదు. అంతరించినదనియే యెంచిరి. పాతవారు వ్రాసిపెట్టిన తావులను పట్టుకొని వెదకగా 1986 జనవరిలో కడప మండలమున లంకమల అడవుల చెంత అది మరల కనబడెను. దానిని పట్టి చూపినవాడు అచ్చటి పల్లెటూరివాడే.

నేడు చీటీలు కాగితముపై లేవు. వానిని అమ్ముకొను వీలు లేదు. 2023లో మన దేశపు పక్షుల స్థితిని గూర్చి వెలువడిన నివేదికకు సుమారు 30,000 మంది పక్షిప్రియులు ఈబర్డ్ చిట్టాలో వ్రాసిన మూడుకోట్ల పరిశీలనలు ఆధారము. 942 జాతులను అందులో విచారించిరి. దీర్ఘకాలపు పోకడ తెలియవచ్చిన 338 జాతులలో 204 జాతులు తగ్గిపోయినవని తేలెను. దసరానాడు చూచిన శుభమని మనవారు పొలిమేర దాటి వెదకు పాలపిట్టయు తగ్గిపోవుచున్నదట. మన కన్నులయెదుటనే తగ్గుచున్నను, ఏ ఒక్కనికిని అది తెలియలేదు. ముప్పదివేలమంది చీటీలు కలిపినప్పుడు తెలిసినది. వారిలో దొరలు లేరు. పక్షిని చంపినవారును లేరు. ఎవరి పట్టికపై వారి పేరు కలదు. హ్యూము మొదలుపెట్టిన పని ఆయన చేయలేకపోయిన రీతిలో సాగుచున్నది.

మొన్న ఆ విద్యార్థి మరల ఆలస్యముగా వచ్చెను. చెరువుగట్టున పాలపిట్ట కనబడినదా యని అడిగితిని. లేదనెను. కనబడనిది వ్రాయవు గదా యనగా, చూచిన పక్షుల నన్నిటిని వ్రాసినప్పుడు చూడనిది ఏదో ఆ పట్టికయే చెప్పునని సమాధానమిచ్చెను. నేను హాజరుపట్టీ తెరచి అతని పేరు కెదురుగా గుర్తు పెట్టితిని.